పైడమ్మ అచ్చుపలకలు

అనగా అనగా, మన తాతలకు వాళ్ళ తాతలు చెప్పిన కాలం. ఏటి ఒడ్డున మట్టిపాలెం అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒక కుమ్మరి ముసలమ్మ. కుండలు చేసేది, సంతలో అమ్మేది, తల్లిలేని మనవరాలిని సాకేది. ఆమెకు అక్షరం ముక్క రాదు.

మనవరాలి పేరు తవిటమ్మ. పుట్టుకతోనే చూపు లేదు. వీధిబడి అరుగు మీద కూర్చుని, లోపల పిల్లలు వల్లించే పద్యాలన్నీ విని గడగడా ఒప్పజెప్పేది. విన్నవాళ్ళంతా మురిసిపోయేవాళ్ళు. తవిటమ్మకు మాత్రం అది చాలేది కాదు.

"వాళ్ళు పైకి చదివితేనే నాకు చదువు అమ్మమ్మా," అందొకరోజు. "వాళ్ళు నోరు మూస్తే నాకేమీ లేదు. నాకై నేను చదవాలి."

పైడమ్మ తిరిగే కుమ్మరి సారెను ఆపేసింది. మనవరాలి చెయ్యి పట్టుకుని బడికి పోయింది.

పంతులు జగ్గప్ప మంచివాడే. కానీ ఆయనకూ దారి తోచలేదు. "ఇసుకలో రాస్తే ఈ పిల్ల తడమగానే చెదిరిపోతుంది. తాటాకు మీద రాస్తే వేలికి ఆనదు. నన్నేం చెయ్యమంటావు పైడమ్మా?"

"మీరు అక్షరం రాసి చూపించండి బాబూ. మట్టి ఉంది, చెయ్యి ఉంది. నేను చూసుకుంటాను."

మొదటిసారి పచ్చి మట్టిపలక మీద పుల్లతో అక్షరాన్ని లోతుగా గీసి కాల్చింది. గాడి అంచు గరుకుతేలి తవిటమ్మ వేలు కోసుకుంది.

"మట్టి ఉంది, చెయ్యి ఉంది," అని పైడమ్మ మళ్ళీ కూర్చుంది.

రెండోసారి మట్టిని తీగలా సాగదీసి, అక్షరంలా వంచి, పలకకు అంటించింది. కుండలు కాల్చే ఆవంలో తీగలన్నీ ఊడిపోయాయి. "కుండలు మానేసి ఇదేం పిచ్చే?" అన్నారు ఇరుగుపొరుగు. సంతకు కుండలు లేక ఆ వారమంతా గంజితోనే గడిచింది.

"వద్దులే అమ్మమ్మా. విని నేర్చుకుంటాను," అంది తవిటమ్మ.

అయినా పైడమ్మ, "మట్టి ఉంది, చెయ్యి ఉంది," అని లేచింది.

మూడోసారి, వేలు కోసిన ఆ పాత పలకనే చేతిలోకి తీసుకుంది. దాని గాడిలోకి మెత్తటి మట్టిని ఒత్తి, మెల్లగా ఊడదీసింది. అక్షరం ఉబ్బెత్తుగా లేచి వచ్చింది. పంతులు చూసి, "అద్దంలో బొమ్మలా తిరగబడింది," అన్నాడు. సరే, గాడి గీసే అచ్చులోనే అక్షరాన్ని తిరగేసి గీసింది పైడమ్మ. ఈసారి అక్షరం తిన్నగా వచ్చింది. ఆవంలో చెక్కుచెదరలేదు. ఒక్క అచ్చు ఉంటే ఎన్ని పలకలైనా వస్తాయి. ఖర్చు ఏటి మట్టి, కాసిని పిడకలు.

తవిటమ్మ అన్ని పలకలూ తడిమి అక్షరాలు నేర్చింది. అప్పుడు పంతులు బడి పిల్లలందరి ముందూ మూడు పలకలు వరసగా పేర్చాడు. ఏం పేర్చాడో ఎవరూ పైకి అనలేదు. తవిటమ్మ వేలు మెల్లగా జరిగింది.

"ప... డ... వ. పడవ." వేలు ఇంకా ముందుకు జరిపింది. "పంతులుగారూ, ఇంకోటి పెట్టండి."

గుమ్మంలో నిలబడ్డ పైడమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆవం నుంచి ఎన్ని కుండలు దించినా అంత గర్వం ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

ఈ సంగతి కోట దాకా పోయింది. దొరగారి కొడుక్కి చూపు మందం. దొర పైడమ్మ దగ్గరికే వచ్చి, "రాగి పలకలు పోయించు. అచ్చులన్నీ కోటలో పెట్టు. నీకు లోటు లేకుండా చూస్తాను," అన్నాడు.

"చినబాబుకు పలకలు ఇప్పుడే ఇస్తాను దొరా. మట్టివే ఇస్తాను," అంది పైడమ్మ. "రాగివైతే చినబాబు ఒక్కడే చదువుతాడు. మట్టివైతే ఊరూరా చదువుతారు. అచ్చులు మాత్రం ఆవం దగ్గరే ఉంటాయి. ఎవరికి కావాలన్నా వచ్చి ఒత్తుకుంటారు."

చివరికి దొర కొడుకు కోసం ఆ మట్టిపలకలే పట్టుకెళ్ళాడు.

పై ఊరి కుమ్మరులు వచ్చారు, కింది ఊరి కుమ్మరులు వచ్చారు, ఏటి అవతలి కుమ్మరులు వచ్చారు. పైడమ్మ అందరికీ అచ్చు గీయడం నేర్పింది. చూపు లేని పిల్లలు చదివారు. చూపు ఉన్నా తాటాకు మీద అక్షరాలు కళ్ళముందు కుదురుగా నిలవని పిల్లలు కూడా, వేలితో తడిమి చదివారు. తవిటమ్మ పెద్దదై అదే బడిలో పంతులమ్మ అయింది.

పైడమ్మ పండు ముసలిదై కన్నుమూసింది. ఆ రోజు ఏటి రెండు ఒడ్డుల్లోనూ కుమ్మరులెవరూ సారె తిప్పలేదు.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళల్లో పిల్లల్ని బళ్ళో వేసేటప్పుడు ముందు కళ్ళు మూయిస్తారు. మట్టిపలక మీద 'అ' అక్షరాన్ని వేలితో తడిమిస్తారు. ఆ తర్వాతే కళ్ళు తెరిచి దిద్దాలి. ఎందుకని పిల్లలు అడిగితే పెద్దవాళ్ళు ఇలా చెబుతారు: "ఇది పైడమ్మ పెట్టిన వరస. తవిటమ్మ ఎలా మొదలుపెట్టిందో అందరూ అలాగే మొదలుపెట్టాలి."