చలికాలపు జత

కెప్టెన్ ఎస్తేరు గారు శిష్యుల మొహం కంటే ముందు కాళ్లు చూస్తారు. మన్యం కొండల మీద, కాఫీ తోటల పక్కన ఉన్న ఆ హెలికాప్టర్ శిక్షణ కేంద్రంలో ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లను ఎవర్ని అడిగినా ముందు ఈ మాటే చెప్పి నవ్వుతారు. హెలికాప్టర్లు నిలిపే హ్యాంగరు గుమ్మం పక్కన ఆవిడ ఒక చెక్క బీరువా పెట్టించారు. తగని బూట్లతో వచ్చినవాడికి అందులోంచి ఒక జత తీసిస్తారు. నేల కాలిపోయే ఎండలకు పల్చటి తోలువి, వానలకు జారకుండా అడుగున గాట్లున్నవి, చలికి ఇంకోటి. చెప్పులతో వచ్చినవాణ్ణి మాత్రం మారు మాట్లాడకుండా వెనక్కి పంపేస్తారు. జారిన చెప్పు పెడల్ కింద ఇరుక్కుంటే ఆ ముచ్చట చెప్పడానికి మనిషి మిగలడని ఆవిడ నమ్మకం.

ఆ డిసెంబరులో పాత శిష్యుడు మస్తాన్‌వలి కొండెక్కి వచ్చాడు. ఇప్పుడతను తీరంలో వరద సహాయానికి వెళ్లే హెలికాప్టర్ నడుపుతున్నాడు. ఆవిడ అలవాటు కొద్దీ కిందికి చూశారు. కొత్త బూట్లు. అడుగున మందపాటి అట్ట, లోపల దట్టంగా ఉన్ని.

"మంచు కొండలకేమన్నా బయల్దేరావా?" అన్నారు.

"ఇక్కడ చలెక్కువ కదా అని కొనుక్కున్నాను మేడమ్."

అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. టీ చల్లారిపోయేదాకా గ్లాసు చేతిలోనే పెట్టుకుని, చివరికి అడిగాడు. "మేడమ్, మనసు రాయి చేసుకోకుండా ఈ పని చెయ్యడం ఎలాగో నాకు చెప్పండి."

సంగతేమిటంటే, ఆ ఏడాది వరదల్లో మస్తాన్ ఒక లంక ఊరికి వెళ్లాడు. నీళ్లలో మునిగిన బడి డాబా మీదున్న జనాన్ని ఎక్కించుకుంటే హెలికాప్టర్ నిండిపోయింది. ఒక్క ముసలాయన మిగిలాడు. ఇంజను మోతలో మాట వినబడదు కనక ఆయన చేత్తోనే సైగ చేశాడు. ముందు పిల్లల్ని దింపు, నిదానంగా రా, నేనుంటానని. మస్తాన్ నిదానంగా ఏమీ రాలేదు, ఎంత త్వరగా రాగలడో అంత త్వరగానూ వచ్చాడు. అప్పటికి అక్కడ బడీ లేదు, డాబా లేదు. తప్పు అతనిది కాదని అందరూ అన్నారు. నిజానికి కాదు కూడా.

కానీ ఆ తర్వాత హెలికాప్టర్‌ను గాలిలో ఎక్కడ నిలబెట్టినా ఆ చెయ్యి కళ్లముందుకొచ్చేది, కాళ్లు వణికేవి. జనాన్ని మనుషులనుకోకు, బరువనుకో అని తోటి పైలట్లలో పెద్దవాళ్లు సలహా ఇచ్చారు. పాపం, మస్తాన్ అదీ చేసి చూశాడు. బాగానే కుదిరింది. పోయిన నెల నొప్పులు పడుతున్న ఒకామెను ఆస్పత్రికి చేర్చి ఇంటికెళితే, "ఎవరు పుట్టారు?" అని భార్య అడిగింది. తను కనుక్కోలేదు. తల్లి బతికిందో లేదో కూడా అడగలేదు. అలాంటి ప్రశ్న ఒకటుంటుందనే తనకు తోచలేదు. ఆ రోజు అతనికి తనను చూసి తనకే భయమేసింది.

"తలుచుకుంటే వణుకు. తలుచుకోకపోతే ఇదిగో, ఇలా. వచ్చే వరదలకు నన్ను పిలవొద్దని చెప్పేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?"

ఎస్తేరు గారు అతని చేతిలోంచి గ్లాసు తీసుకున్నారు. "రేపు పొద్దున్నే రా. ఆ బూట్లతోనే రా," అన్నారంతే. ఇంత దూరం వచ్చి మనసు విప్పితే బూట్ల గురించి మాట్లాడతారేమిటని మస్తాన్‌కు కాస్త కష్టమనిపించింది.

తెల్లారేసరికి పొగమంచు విడిపోయింది గానీ గాలి కోస్తోంది. శిక్షణ హెలికాప్టర్ చిన్నది. దాని తలుపులు రెండూ ఊడదీయించి పెట్టారు ఆవిడ. పక్క సీట్లో కూర్చుని, "కొంచెం పైకి లేపి ఒక్కచోటే నిలబెట్టు. దీని ముక్కు ఎదురుగా ఉన్న ఆ జీలుగు చెట్టు మీంచి కదలకూడదు," అన్నారు.

హెలికాప్టర్‌లో చేతులు చేసే పని అందరికీ కనబడుతుంది. నిలబెట్టినప్పుడు ముక్కును అదుపులో పెట్టేవి మాత్రం కాళ్ల కిందుండే రెండు పెడళ్లు. వాటిని తొక్కుతారనడం కూడా తప్పే, అరికాలితో వింటూ ఉంటారనాలి. మస్తాన్ కాళ్లు వెచ్చగా, హాయిగా ఉన్నాయి. కానీ ముక్కు చెట్టుకు ఎడమగా జరిగిపోయాక గానీ అతనికి తెలియలేదు. సర్దితే కుడికి పోయింది. మందం అట్ట కింద పెడల్ ఎక్కడుందో, ఎంత కదిలిందో అంతుచిక్కలేదు. తన ఉద్యోగమే ఇది, అయినా మొదటి రోజు విద్యార్థిలా ఊగాడు.

దించమన్నారు. ఆవిడ బీరువాలోంచి ఎండాకాలపు జత తెచ్చి ఇచ్చారు, కాగితమంత పల్చనివి.

మళ్లీ లేపాడు. పెడల్ ఊపిరి కూడా పాదానికి తెలిసింది, ముక్కు చెట్టుకు అతుక్కుపోయినట్టు నిలిచింది. మస్తాన్‌కు ఉత్సాహం వచ్చింది. అంతలో తలుపు లేని పక్కనుంచి చలి కాళ్లను పట్టుకుంది. వేళ్లు మండాయి, తర్వాత జివ్వుమన్నాయి, ఆ తర్వాత ఏమీ లేదు. ముక్కు మళ్లీ ఎడమకు జారింది. ఈసారి ఇందాకటి కంటే ఎక్కువగా. ఆవిడ తన వైపు పెడళ్లతో సర్ది దింపారు.

మస్తాన్ హ్యాంగరు మెట్టు మీద కూర్చుని పాదాలు రుద్దుకుంటుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. చలికో, దేనికో. ఎస్తేరు గారు పక్కనే కూర్చున్నారు. అతను కాసేపటికి, "ఆయన ఇలా అన్నాడు మేడమ్," అంటూ అరచెయ్యి కిందికి తిప్పి మెల్లగా ఊపి చూపించాడు. ఆ సైగ ఇంతవరకూ అతను ఎవరికీ చూపించలేదు. ఆవిడ ఆ చెయ్యి ఆగేదాకా చూశారు. తర్వాత లేచి మూడో జత తెచ్చి అతని ముందు పెట్టారు. చీలమండ దాటే పాత తోలు బూట్లు, అడుగున పల్చటి అట్ట, వాటిలోకి ఒక జత ఉన్ని మేజోళ్లు.

మూడోసారి హెలికాప్టర్ లేచింది. ముక్కు కొంచెం కదిలింది, సర్దుకుంది. మళ్లీ కదిలింది, మళ్లీ సర్దుకుంది. జీలుగు చెట్టు ఎదురుగానే ఉంది.

"పెడల్ తెలుస్తోందా?" అన్నారు ఆవిడ హెడ్‌సెట్‌లో.

"తెలుస్తోంది మేడమ్."

"చలి?"

"అదీ తెలుస్తోంది. కొంచెం."

"తెలియనీ."

దిగాక మస్తాన్ ఆ బూట్లు విప్పి బీరువాలో పెట్టబోతే ఆవిడ వద్దన్నారు. అతను తన కొత్త బూట్లను చంకలో పెట్టుకున్నాడు. "అయితే ఎప్పటికీ ఇవేనా మేడమ్?" అని అడిగాడు.

"ఎప్పటికీ ఎందుకు? చలి ఉన్నన్నాళ్లు," అన్నారు ఎస్తేరు గారు బీరువా తలుపు వేస్తూ. "వానలు మొదలయ్యేముందు ఒకసారి రా. ఆ జత వేరే."