తోడల్లుడి వాటా

నెమలిదుర్గం మహారాజు కంఠీరవ భూపతికి ఆ ఉదయం ఒళ్ళు మండిపోయింది. ముందురోజు సాయంత్రం వైద్యశాల గుమ్మంలో ఇద్దరు దండనాయకులు ఒకరి తలపాగా ఒకరు లాక్కుని, మట్టిలో దొర్లి మరీ కొట్టుకున్నారు. దేనికయ్యా అంటే, మిగిలిపోయిన ఒక్క టీకా కోసం!

"ఊళ్ళో మశూచి పాకకుండా నేను మందు తెప్పిస్తే, మీరు కుస్తీ పడతారా?" అని సభలో విరుచుకుపడ్డాడు. "సాయంత్రం మిగిలిన టీకాలు ఎవరికి వెయ్యాలో చెప్పండి. ఎవరూ నోరెత్తలేని న్యాయం చెప్పినవాళ్ళకి నా మెడలో ముత్యాల హారం!"

చిక్కంతా ఆ మందుతోనే. భరిణెకి ముప్పై టీకాలు. మూత తీశాక పొద్దు వాలేలోపు వాడెయ్యాలి, లేకపోతే పారబొయ్యడమే.

వైద్యుడు భైరవయ్య పంతులు శాలువా సర్దుకుని లేచాడు.

"ఆ చింత ఏలినవారికెందుకు? మిగిలినవి నేను నాడి చూసి, తగినవాళ్ళకే వేస్తున్నానుగా!"

నిజమే. అయితే పది రోజులుగా ఆ తగిన నాడి భైరవయ్య బావమరుదులకీ, వియ్యాలవారికీ, వియ్యాలవారి వంటవాడికీ తప్ప నెమలిదుర్గంలో మరెవరికీ కొట్టుకోవడం లేదు. నిన్నటి ఆ ఒక్కటీ ఎలా జారిపోయిందోనని ఆయన ఇంకా బాధపడుతూనే ఉన్నాడు.

సింహాసనం వెనక నాంచారి వింజామర వీయడం ఆపేసింది. ఆమె అక్క ఎంకాయమ్మ ఆ వైద్యశాలలోనే రోగుల దుప్పట్లు ఉతుకుతుంది. నాలుగుసార్లు వరుసలో నిలబడింది. నాలుగుసార్లూ మధ్యాహ్నానికే తలుపు మూసి, "మందు అయిపోయింది, రేపు రా" అన్నారు. విసుగెత్తి వెళ్ళడం మానేసింది. మశూచి రోగులు పడుకున్న ఆ దుప్పట్లు తలుచుకుంటే నాంచారికి అన్నం సహించడం లేదు.

"ప్రభూ, నాదొక మనవి" అంది.

"బాగుంది! ఇక వింజామర కూడా వైద్యం చెబుతుందన్నమాట!" అన్నాడు భైరవయ్య. సభంతా గొల్లుమంది.

"వైద్యం తమదేనండి. మిగిలినవి ఎవరివో మాత్రం ఈ ఒక్క పూటా నన్ను చెప్పనివ్వండి."

రాజుకి సరదా వేసింది. "చెప్పు."

"ఈ సాయంత్రం ఎన్ని మిగిలితే అన్నీ జ్యోతిష్కులు సోమావధానులుగారి చుట్టాలకండి."

భైరవయ్య మొహం మాడిపోయింది. సోమావధానులు ఆయనకి స్వయానా తోడల్లుడు. పన్నెండేళ్ళ కిందట అత్తవారింట్లో అవధానులు విస్తట్లో ముందు నెయ్యి పడింది. ఆనాటి నుంచి ఒకరు వెళ్ళిన పెళ్ళికి ఇంకొకరు వెళ్ళరు.

"ఇదేం న్యాయం?" అన్నాడు మంత్రి.

"ఒక్క పూటే కదా, చూద్దాం" అన్నాడు రాజు. "నాంచారీ, నువ్వు వెళ్ళి దగ్గరుండి చూడు."

అవధానులు ఆలస్యం చెయ్యలేదు. మధ్యాహ్నానికల్లా పాతికమంది చుట్టాలని వెంటేసుకొచ్చి వైద్యశాల అరుగు మీద కూర్చోబెట్టాడు. అందరూ ఉత్తరీయాలు తీసి, భుజాలు చూపించుకుంటూ తయారుగా ఉన్నారు.

భైరవయ్య కిటికీలోంచి ఆ భుజాలు చూశాడు. ఆ రోజు తలుపు మూయలేదు. వరుసలో ఉన్నవాళ్ళందరికీ వేశాడు. ఇంకా పది మిగిలాయి!

భరిణె చంకన పెట్టుకుని వీధిలోకి లంఘించాడు. చెట్టుకింద సగం గడ్డం గీయించుకున్న మనిషిని లాక్కొచ్చి టీకా వేశాడు. కత్తి పట్టుకుని వెంటపడ్డ మంగలికీ వేశాడు. దారిన పోయే పల్లకీని ఆపి నలుగురు బోయీలకీ వేశాడు. లోపలున్న షావుకారుకి ఏమీ అర్థం కాలేదు. "నాకు ముందే వేశారండీ" అని ఒట్టు పెట్టుకుని బయటపడ్డాడు.

ఇంకా నాలుగు. పొద్దు వాలిపోతోంది. అరుగు మీద అవధానులు మీసం దువ్వుకుంటున్నాడు.

భైరవయ్య రొప్పుకుంటూ పెరట్లోకి పరిగెత్తాడు. అక్కడ నలుగురు ఆడవాళ్ళు దుప్పట్లు పిండుతున్నారు.

"అమ్మా! తల్లీ! చెయ్యి చాపండి!"

"రేపు రమ్మంటారు గదయ్యా ఎప్పుడూ?" అంది ఎంకాయమ్మ తడిచేతులు చీరకి తుడుచుకుంటూ.

"రేపెవరు చూశారు తల్లీ, నీకు దణ్ణం పెడతాను, చాపు!"

గోడ పక్కన నిలబడ్డ నాంచారి కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆగడం లేదు, కళ్ళనీళ్ళూ ఆగడం లేదు. అక్క చేతిమీద సూది గీసుకోవడం కళ్ళారా చూశాకే ఆమెకి ఊపిరాడింది.

అంతలో అరుగు దగ్గరికి మహారాజు వచ్చాడు. పెరట్లోంచి భైరవయ్యా, వెనకే నాంచారీ అక్కడికి పరిగెత్తుకొచ్చారు. "ఎన్ని మిగిలాయి?"

భైరవయ్య భరిణె బోర్లించి చూపించాడు. చెమటలు కారుతున్నా మొహం వెలిగిపోతోంది. "చుక్క లేదు ప్రభూ!"

"మరి మా వాళ్ళకో?" అని అవధానులు లబలబలాడాడు.

"పది రోజులుగా రోజూ మిగిలాయే! ఇవాళ ఒక్కటీ మిగల్లేదేం?" అని అడిగాడు రాజు.

భైరవయ్య భరిణె మూత వెతుక్కోసాగాడు. రాజు నాంచారి వైపు తిరిగాడు.

"జనం నిన్నా ఉన్నారు ప్రభూ. పరుగెత్తి పిలవడానికి వైద్యులుగారికి తోడల్లుడే కావాల్సొచ్చాడు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కిరీటం పక్కకి జారింది. అవధానులు చుట్టాలు కూడా భుజాలు కప్పుకుంటూ నవ్వారు.

"దండోరా వేయించండి! ఇకనుంచి రోజూ మిగిలినవన్నీ అవధానులుగారి వాటా! వారి చుట్టాలు మాత్రం రేపు పొద్దున్నే అందరితోపాటు వరుసలో నిలబడాలి. భైరవయ్యగారూ, మీరింత చురుగ్గా పరిగెడతారని ఇన్నాళ్ళూ మాకు తెలీదు సుమండీ!"

అంటూనే హారం తీసి నాంచారి చేతిలో పెట్టాడు.

ఇవేవీ తెలియని ఎంకాయమ్మ పెరట్లోంచి వచ్చి, చెయ్యి ఊదుకుంటూ చెల్లెలితో అంది: "ఊరికే ఆడిపోసుకున్నామే! వైద్యులుగారిది ఎంత మంచి మనసో. పాపం, పరిగెత్తుకుంటూ వచ్చి, దణ్ణంపెట్టి మరీ వేశారు!"

ఈసారి మహారాజుకి నిలబడటం కూడా చేతకాలేదు. నవ్వుతూ అరుగు మీద కూలబడ్డాడు.