గిరగిర తిరిగిన మూత

"గురువుగారూ, కొత్తది వెతకమన్నా చెడింది, వచ్చిందే చెయ్యమన్నా చెడింది. నా తప్పెక్కడుంది?" అని నూకరాజు అడిగాడు.

వరహాలయ్య దగ్గర లక్కబొమ్మల పని నేర్చుకున్న శిష్యుల్లో, సొంతంగా పాక వేసుకుని నలుగురికి పని చూపించినవాడు నూకరాజు ఒక్కడే. కిందటేడు అతను తన పనివాళ్ళతో, ఎవరికి తోచిన కొత్త బొమ్మ వాళ్ళు చెయ్యండన్నాడు. పాక నిండా సగం సగం వింతలు పోగుపడ్డాయి. ఒక్కటీ అమ్మకానికి రాలేదు. భయపడి, ఈ ఏడు కుంకుమ భరిణెలు తప్ప మరేదీ వద్దన్నాడు. భరిణెలు నున్నగా వచ్చాయి గానీ పాకలో మాటలు ఆగిపోయాయి. ఎప్పుడూ కొత్తకోసం తహతహలాడే సింహాద్రి పని మానేస్తానన్నాడు. అది నూకరాజు ఊహించిందే. కానీ పనికి వచ్చిన నాటి నుంచీ భరిణెలే చేస్తున్న గౌరమ్మ కూడా మానేస్తాననేసరికి అతనికి దిక్కు తోచలేదు.

వరహాలయ్య మర్నాడు పొద్దున్నే పాకకు వచ్చి, ఆ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టాడు. సింహాద్రిని అచ్చం గౌరమ్మ చేసేలాంటి భరిణె చెయ్యమన్నాడు. గౌరమ్మను ఇంతవరకు చెయ్యనిదేదైనా చెయ్యమన్నాడు. ఇద్దరి మొహాలూ మాడిపోయాయి. ఉన్నది కాస్తా చెడేలా ఉందని నూకరాజుకు అనిపించింది గానీ, గురువుకు ఎదురు చెప్పలేకపోయాడు.

సింహాద్రి మూత వదులైంది. ఇంకోటి చేశాడు, అదీ వదులే. విసుగొచ్చి గోడవారకు విసిరేశాడు. చేతిలో కర్రముక్క పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక కూర్చున్న గౌరమ్మ, ఆ మూత తీసి తన భరిణె మీద పెట్టి, ఊరికే వేలితో తిప్పింది. అది గిరగిర తిరిగింది.

"ఏట్రా, ఇంత బాగా తిరుగుతుంటే పారేత్తావేటి?" అంది.

"ఊడిపోతాది అత్తా."

"ఊడకుండా నాను చూత్తాను. రంగు నువ్వెయ్యి."

ఆవిడ మూత లోపల సన్నటి గాడి తీసి, భరిణె అంచును అందులో ఇమిడ్చింది. ఇన్నేళ్ళు అదే పని చేసిన చెయ్యి కాకపోతే ఆ గాడి కుదిరేది కాదు. సింహాద్రి మూత మీద ఎరుపూ పసుపూ చారలు పెట్టాడు. తిప్పితే రెండూ కలిసి నారింజరంగయ్యాయి. తక్కినవాళ్ళు పని వదిలి చుట్టూ మూగారు. చాలా నెలల తర్వాత ఆ పాకలో నవ్వులు వినిపించాయి. మానేస్తానన్న మాట ఆ పూట ఎవరూ ఎత్తలేదు.

నూకరాజు సంతోషించాడు గానీ అతని చిక్కు విడలేదు. సింహాద్రి పాతది చెయ్యబోయాడు, చేతకాలేదు. గౌరమ్మను కొత్తది చెయ్యమంటే పాత పనితనమే వాడింది. అయితే రేపటి నుంచి రోజూ అందరినీ ఇలా తారుమారు చెయ్యాలా? లేక మూతలు వదులుగా చెయ్యమనాలా?

గురువును వీధి మలుపు దాకా సాగనంపుతూ, ఉండబట్టలేక అడిగేశాడు. "ఇంతకీ ఇందులో కొత్త ఏది గురువుగారూ, పాత ఏది?"

"నాకూ తెలియలేదు నాయనా," అన్నాడు వరహాలయ్య. "వాళ్ళను మాత్రం అడక్కు. పనిలో ఉన్నారు."