బూదిగాడు కాచిన చిగుళ్ళు

ఈ పొద్దున పళ్ళు తోముకుని ఉమ్మినప్పుడు ఏం చూశారు? దాచకండి, చెప్పండి. నురగలో ఎర్రటి చార ఉందా? ఉంటే ఏం చేశారు? దాని మీద నీళ్ళు పోసేసి, ఏమీ ఎరగనట్టు చక్కా వచ్చేశారు కదూ! అందుకే నాకు ఒళ్ళు మండుతుంది. కూర్చోండి, చెబుతాను.

అనగనగా ఒక కొండ అడవిలో బూదిగాడనే కొండముచ్చు ఉండేవాడు. వాడికి తల్లి అంటే ప్రాణం. చిన్నప్పుడు ఆమె రోజూ వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, పళ్ళ మొదళ్ళు వేలితో రుద్దేది. చక్కిలిగింతలు పెడుతోందనుకుని వాడు నవ్వేవాడు. ఎండాకాలం రాగానే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మొర్రి గింజలు కొరికేవాళ్ళు. పెంకు టక్‌మని పగిలితే లోపల తియ్యటి పప్పు. ఎవరిది గట్టిగా మోగితే వాళ్ళు గెలిచినట్టు.

ఒక ఏడాది తల్లికి జబ్బు చేసింది. వేపచెట్టు కింద వెల్లకిలా పడుకుని, పైకి చూస్తూ, "చిగుళ్ళు జాగ్రత్త నాయనా. పొద్దునా, పడుకోబోయే ముందూ చూసుకో," అంది. అంతే, కన్ను మూసింది.

బూదిగాడు తల్లి చూసిన వైపే చూశాడు. పైన వేపచెట్టు ఎర్రటి లేత చిగుళ్ళతో మెరిసిపోతోంది.

ఆ రోజు నుంచి వాడు ఆ చెట్టుకు కాపలా. చిగుళ్ళు ముదిరి ఆకులైనా కాపలా మానలేదు. పొద్దునా, పడుకోబోయే ముందూ కొమ్మ కొమ్మా తడిమి చూసేవాడు. ఎవరైనా రెమ్మ ముట్టుకుంటే పళ్ళికిలించి తరిమేవాడు. గాలికి ఆకులు కదిలితే అమ్మ పిలుస్తున్నట్టే ఉండేది. తన నోటి సంగతి మాత్రం వాడికి పట్టలేదు.

ఒకనాడు అడవి మామిడికాయ కొరికితే, కొరికిన చోట నెత్తురంటింది. అటుగా వచ్చిన ముళ్ళపంది అది చూసింది. ఆమె వాడి తల్లికి చిన్ననాటి స్నేహితురాలు. వాడు "అత్తా" అని పిలుస్తాడు.

"నెత్తురేమిట్రా అల్లుడూ? ఆ వేపరెమ్మ ఒకటి విరిచి పందుంపుల్ల వేసుకో."

"రెమ్మ విరవడమా! అమ్మకిచ్చిన మాట ఉందత్తా."

"ఏం మాటరా?"

"అది నాకూ మా అమ్మకూ మధ్య మాట. నీకెందుకు?"

"ముళ్ళు నా ఒంటికున్నాయా, నీ నాలుక్కున్నాయా!" అని అత్త విసవిసా వెళ్ళిపోయింది.

వానాకాలంలో మళ్ళీ వచ్చింది. వాడు పలకరించగానే వెనక్కి గెంతింది.

"అబ్బా! నోట్లో ఎలుక గానీ చచ్చిందా? పుల్ల వేసుకోమంటే వినవేం?"

"నా చెట్టు దగ్గరికి రాకు," అన్నాడు బూదిగాడు. పళ్ళ చుట్టూ కండ ఉబ్బి సలుపుతున్నా సరే, అన్నాడు. మొండితనానికి మందెక్కడుంది?

ఎండాకాలం వచ్చింది. మొర్రి పండ్లు రాలాయి. ఏడాదంతా వాడు ఎదురుచూసింది దీనికోసమే. గింజను పళ్ళ మధ్య పెట్టుకుని, అమ్మ పక్కనే ఉన్నట్టు కళ్ళు మూసుకుని కొరికాడు.

టక్!

పగిలింది పెంకు కాదు. ఊడింది పన్ను.

వాడి ఏడుపు విని అత్త పరుగెత్తుకొచ్చింది. "ఇప్పుడైనా చెప్పరా. మీ అమ్మ ఏమంది?"

"చిగుళ్ళు జాగ్రత్త అంది. చూడత్తా, ఒక్క రెమ్మ కూడా విరగనివ్వలేదు," అని చెట్టు చూపించాడు.

అత్తకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. "పిచ్చి నాయనా! చెట్టు చిగుళ్ళు కాదురా, నీ నోట్లో పళ్ళను పట్టుకుని ఉండే చిగుళ్ళు! మీ అమ్మ రోజూ వేలితో రుద్దేది చూడు, అవి!"

"మరి చెట్టు వైపు ఎందుకు చూసింది?"

"పుల్ల అక్కడే ఉందని!"

బూదిగాడు ఆ చెట్టు రెమ్మ ఒకటి విరిచాడు. నమిలి, మెత్తగా చేసి రుద్దాడు. నెత్తురొచ్చింది. పుల్ల పారేయబోయాడు.

"పారేయకు! పాచి పేరుకుంది కాబట్టే నెత్తురు. మెల్లగా, రోజూ రుద్దు," అంది అత్త.

కొన్నాళ్ళకు నెత్తురు ఆగింది. మిగిలిన పళ్ళు నిలిచాయి. ఊడింది మాత్రం రాలేదు. ఇప్పుడు మొర్రి గింజలు అత్తే కొరికి, పప్పు చేతిలో పెడుతుంది. పప్పు తియ్యగానే ఉంటుంది. వాడికి కావలసింది తన పళ్ళ మధ్య మోగే ఆ టక్‌మనే చప్పుడు. పొద్దునా, పడుకోబోయే ముందూ పుల్ల చిగుళ్ళ మీద కదులుతుంటే వాడు కళ్ళు మూసుకుంటాడు. అది అమ్మ వేలు అనుకుంటాడు.

నీతి: పన్నును నిలబెట్టేది చిగురే. దాన్ని రెండు పూటలా శుభ్రం చేసుకోవాలి. నెత్తురు కనబడితే దాచకుండా పెద్దవాళ్ళకు చెప్పాలి.

మరి రేపు పొద్దున ఆ ఎర్రటి చార మళ్ళీ కనబడితే, మీరేం చేస్తారు?