గుమ్మిడిలోవ నుంచి రాని రిపోర్టు

రూతుకి ఢిల్లీ మీద బెంగ. పుట్టి పెరిగిన ఊరి మీద బెంగపడేవాళ్ళు ఉంటారు గానీ, ఎన్నడూ చూడని ఊరి మీద ఇంత బెంగ పెట్టుకున్న మనిషిని ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు. ఏజెన్సీ జిల్లాలో అంటురోగాల మీద నిఘా ఉంచే ఆఫీసు అది. రెండేళ్ళుగా ఆమె అక్కడ వారం వారం జ్వరాల లెక్కలు కడుతోంది. దేశంలోని జ్వరాలన్నీ ఒకే తెర మీద కనిపించే పెద్ద ఆఫీసు ఢిల్లీలో ఉందని విన్నప్పటినుంచి, అందులో ఒక కుర్చీ దొరికితే చాలనుకునేది. అన్నం తింటూ కూడా అదే ధ్యాస.

ఇన్నాళ్ళకు అవకాశం వచ్చింది. దరఖాస్తుకు గడువు సోమవారం సాయంత్రం ఐదింటిదాకా. కావలసినవి రెండే. తను తయారుచేసిన మ్యాపు ఒకటి, తన పని గురించి గురువు నింపిన ఫారం ఒకటి.

గురువంటే పరాంకుశం మాస్టారు. ముప్పయ్యేళ్ళు మలేరియా విభాగంలో కొండలెక్కి దిగి రిటైరైన మనిషి. కొత్తవాళ్ళకు పని నేర్పడానికి ఇప్పటికీ ఆఫీసుకు వస్తారు. మాటలు తక్కువ, టీలు ఎక్కువ.

సోమవారం పొద్దున్నే రూతు మ్యాపు ఆయన ముందు పెట్టింది. జిల్లా అంతా పచ్చగా ఉంది. జ్వరం లేని చోటల్లా పచ్చరంగు.

“గుమ్మిడిలోవ కూడా పచ్చగానే ఉందే,” అన్నారు మాస్టారు, కొండల్లోని ఆ ఊరి మీద వేలుంచి.

“అక్కడ జ్వరాలు సున్నా అండీ.”

“ఎవరు చెప్పారమ్మా?”

రూతు తడబడింది. “మూడు వారాలుగా రిపోర్టు రాలేదు మాస్టారూ. ఫోన్ కలవదు. ఖాళీగా వదిలేస్తే కంప్యూటరు అక్కడ బూడిదరంగు మచ్చ వేస్తోంది. చూడ్డానికి బాగాలేదని సున్నా కొట్టాను. ఏమైనా ఉంటే అక్కడి నర్సు, ఆ ఏఎన్ఎం చెప్పేది కదండీ.”

మాస్టారు ఫారం తీసుకుని నింపడం మొదలుపెట్టారు. పనితనం, పదికి పది. శ్రద్ధ, తొమ్మిది. రూతు తొంగి చూస్తోంది. కింద సంతకం పెట్టి ఇచ్చేశారు.

ఆఖరి ప్రశ్న దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. ‘ఈమె ఇచ్చే సమాచారాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? పదికి ఎన్ని?’ జవాబు లేదు.

“ఇది మర్చిపోయారు మాస్టారూ.”

“మర్చిపోలేదమ్మా.”

“ఖాళీగా ఉంటే వాళ్ళేమనుకుంటారండీ?”

“చూడ్డానికి బాగాలేదని వాళ్ళే ఓ సున్నా కొట్టుకుంటారులే,” అని ఆయన టీ గ్లాసు అందుకున్నారు.

రూతుకి ముందు కోపం వచ్చింది. ఆ తరవాత సిగ్గేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుమ్మిడిలోవ వైపు బస్సు పదింబావుకి. ఎక్కితే మళ్ళీ రేపే తిరిగి రావడం, అప్పటికి గడువు దాటిపోతుంది. ఆ కుర్చీ కోసం తనెంత తపించిందో ఆమెకే తెలుసు.

ఫారం బల్ల మీద పెట్టేసింది. మలేరియా పరీక్షకు గాజుపలకల మీద రక్తపూతలు తీసే సామాను సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. మాస్టారు ఆపలేదు.

బస్సు దిగి కొండదారిన నడిచి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్ తలుపు తీసే ఉంది. ఏఎన్ఎం చిలకమ్మ దుప్పటి కప్పుకుని చాప మీద వణుకుతోంది. వరండాలో మరో ఏడుగురు జ్వరంతో పడి ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు చంటిపిల్లలు.

“కబురైనా చెయ్యలేదేం చిలకమ్మా?” అంది రూతు, ఆమె చెయ్యి పట్టుకుని.

“టవరు పడిపోనాది. నాను లెగనేకపోయాను. అయినా రిపోర్టు రాకపోతే మీకు తెలవదేటి?” అంది చిలకమ్మ. “ఇయ్యాల వొత్తారు, రేపు వొత్తారని, మూడు వారాల్నుంచి దారి సూత్తన్నానమ్మా.”

రూతు తలవంచుకుని, ఆమె వేలినుంచి మొదటి రక్తపూత తీసింది.