ముప్ఫై నాలుగో ఎత్తు

కొండేపూడిలో శుభలేఖలు అచ్చువేసే ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. శోభనాద్రి, తిరపతయ్య, చిట్టెబ్బాయి. తమంత తెలివైనవాళ్ళు జిల్లాలోనే లేరని వాళ్ళ నమ్మకం. జిల్లాలో ఇంకెవరూ అలా అనుకోలేదు, అది వేరే సంగతి. కాగితం మీద ఏముంటే అది, ఒక్క అక్షరం పోకుండా వెయ్యడమే వాళ్ళ గొప్ప. ఒకసారి ఎవరో "ఇక్కడ తాతగారి పేరు, సాయంత్రం కనుక్కుని చెప్తాం" అని రాసిస్తే, ఐదొందల శుభలేఖల్లోనూ అదే అచ్చయింది. పెళ్ళివారు వచ్చి తిడుతుంటే శోభనాద్రి జాలిపడ్డాడు.

"వాళ్ళు రాసింది వాళ్ళకే అర్థం కాలేదు, పాపం" అన్నాడు తమ్ముళ్ళతో.

అలాంటి శోభనాద్రికి పెద్ద చిక్కొచ్చి పడింది. వాళ్ళ నాన్న బతికున్నన్నాళ్ళూ ఆడిన జిట్రేగి చెక్క చదరంగం బల్ల మీద అక్క పేరిందేవి మొగుడు సుందర్రావు కన్నుపడింది. ఒక్క ఆట ఆడదాం, గెలిచినవాళ్ళదే బల్ల అన్నాడాయన. శోభనాద్రి సరేనన్నాడు గానీ ఆ రోజు నుంచి తిండి సహించలేదు. బల్ల పోతే నాన్న మళ్ళీ పోయినట్టే అనిపించింది. బుర్ర లేనివాడికైనా గుండె ఉంటుంది కదా.

సరిగ్గా అప్పుడే ఎవరో చదరంగం సంఘం వాళ్ళు చిన్న పుస్తకం అచ్చుకిచ్చారు. ఒక గ్రాండ్‌మాస్టర్ మంత్రి ముందున్న బంటుని జరిపి మొదలుపెట్టి, ముప్ఫై నాలుగో ఎత్తుకి గెలిచిన ఆట, విశ్లేషణతో సహా. ఇంకేముంది, ముగ్గురూ పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు.

"మధ్య గళ్ళ మీద ఒత్తిడి పెంచాడట" అని చదివాడు తిరపతయ్య.

అంతే. ముగ్గురూ అరచేతులు పెట్టి బల్ల మధ్యలో నొక్కారు. కింద స్టూలు కాలు విరిగింది.

"చూశావా, ఎంత బలమైన ఎత్తో" అన్నాడు శోభనాద్రి.

"పదమూడో ఎత్తు దగ్గర నలభై నిమిషాలు ఆలోచించాడని ఉంది. దేని గురించో రాయలేదన్నయ్యా" అన్నాడు చిట్టెబ్బాయి.

"రాయలేదంటే ఏదైనా పరవాలేదన్నమాట. నేను గోంగూర గురించి ఆలోచిస్తాలే."

ఆదివారం పొద్దున్నే సుందర్రావు భార్యని సైకిలెక్కించుకుని వచ్చాడు. శోభనాద్రి తెల్లపావులు తీసుకున్నాడు. పక్కన తిరపతయ్య పుస్తకం చదువుతుంటే అన్నగారు ఎత్తులు వేస్తున్నాడు. నాలుగో ఎత్తుకే సుందర్రావు పుస్తకంలో లేని ఎత్తు వేశాడు.

"తప్పు ఆడారు బావగారూ. మీరు గుర్రం తియ్యాలి" అన్నాడు తిరపతయ్య.

"నా ఇష్టం వచ్చింది ఆడతానయ్యా."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఈయనకి చదరంగం రాదని తేలిపోయింది. పదమూడో ఎత్తు దగ్గర శోభనాద్రి గడియారం చూసుకుని నలభై నిమిషాలు గోంగూర గురించి ఆలోచించాడు. తర్వాత గుర్రంతో బంటుని చంపాలి. తీరా చూస్తే ఆ గడిలో బంటు లేదు.

"బావగారూ, మీ బంటుని ఒక్కసారి ఇక్కడ పెట్టండి. చంపేసుకుంటాం" అన్నాడు శోభనాద్రి బతిమాలుతూ.

సుందర్రావు భార్య వైపు చూశాడు. "నా వైపు చూడకండి. మీరే కోరి వచ్చారు" అందావిడ. ఆయన బంటు పెట్టాడు. తర్వాత ఏనుగుని పెట్టమన్నారు, అదీ పెట్టాడు. పంతొమ్మిదో ఎత్తుకి మధ్యాహ్నం రెండయింది. ఆయనకి ఆకలి దంచేస్తోంది.

"నేను ఓడిపోయాను. బల్ల మీరే ఉంచుకోండి" అని లేచాడు.

వేరేవాళ్ళయితే ఎగిరి గంతేసేవాళ్ళు. శోభనాద్రి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేశాడు. "అదెలా కుదురుతుంది? మీరు ముప్ఫై నాలుగుకి ఓడాలి. ఇంకా పదిహేనున్నాయి."

ఇంకేముంది, ఆ పదిహేనూ పుస్తకంలో ఉన్నట్టే, నల్లపావుల్ని కూడా వాళ్ళే జరిపి పూర్తిచేశారు. సుందర్రావు గోడకి ఆనుకుని కునికాడు. ముప్ఫై నాలుగు కాగానే లేపి, ఇప్పుడు ఓడిపొమ్మన్నారు. ఆయన ఓడిపోయాడు. శోభనాద్రి బల్లని గుండెకి హత్తుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆగన్నయ్యా, ఇంకో వాక్యముంది" అన్నాడు తిరపతయ్య. "ఆట ముగిశాక గెలిచిన గ్రాండ్‌మాస్టర్ బల్ల మీద తన సంతకం చేసి, ఓడిన ఆటగాడికి కానుకగా ఇచ్చేశాడు."

శోభనాద్రి పుస్తకం లాక్కుని రెండుసార్లు చదివాడు. మూడోసారి తలకిందులుగా పట్టుకుని చూశాడు.

"ఒరే దద్దమ్మా, గెలిచావు కదరా. ఇంట్లో పెట్టుకోరా" అంది పేరిందేవి.

"కాగితం మీద ఉందక్కా" అన్నాడు శోభనాద్రి వెక్కుతూ. "కానీ సంతకం గ్రాండ్‌మాస్టర్‌ది ఉండాలట. నాది పనికిరాదు."

అంతే. నాన్న బల్ల మీద గుండ్రటి అక్షరాలతో "గెలిచిన గ్రాండ్‌మాస్టర్" అని సంతకం పెట్టి, ఏడుస్తూనే దాన్ని తీసుకెళ్ళి బావగారి సైకిలుకి తన చేతులతోనే కట్టాడు.