తడి కొంగు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో, వరి బదులు ఉప్పు పండేదిట. ఆ ఉప్పుమళ్ళలో తవిటమ్మ అని ఒక తల్లి పనిచేసేది. ఆవిడ కూతురు దమయంతి. నీ అంతే ఉంటుంది.

ఒకరోజు బళ్ళో పిల్లలంతా అమ్మానాన్నల ముందు ఏదో ఒకటి చేసి చూపించాలిట. దమయంతి ఉప్పుతో బల్బు వెలిగిస్తానంది. మడిలో ఉప్పునీళ్ళు సీసాకి పట్టి సంచిలో పెట్టుకుంది.

అప్పుడు తవిటమ్మ ఆ సీసా చూసింది. ఉప్పు పండించే ఇంటినుంచి ఈ బురదనీళ్ళా, నలుగురూ నవ్వరూ అనుకుంది. కూతుర్ని అడగలేదు. నీళ్ళు పారబోసి, ఎండలో గలగలలాడే కల్లుప్పు నింపింది. తడి లేనిదే మంచి ఉప్పు కదమ్మా వాళ్ళకి.

ఆ తర్వాత తవిటమ్మ మడిలో పని చేసి, అట్నుంచటే బడికెళ్ళింది. కొంగు ఉప్పునీళ్ళు కారుతోంది. సిగ్గేసి, ఒళ్ళో కుక్కుకుని వెనక కూర్చుంది.

దమయంతి సీసా మూత తీసింది. తల్లి వంక చూసింది. ఉప్పు పళ్ళెంలో పోసి, బ్యాటరీకీ బల్బుకీ కట్టిన తీగలు రెండూ గుచ్చింది. బల్బు వెలగలేదు.

అప్పుడు ఉప్పు నూరి గుచ్చింది. వెలగలేదు.

"నీ ఉప్పు ఇంకా నిద్ర లేవలేదే అమ్మీ!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"ఉప్పునీళ్ళు తెస్తానన్నావు కదే?" అంది టీచరమ్మ.

"మర్చిపోయానండీ."

"ఏం మతిమరుపే నీది! వెళ్ళి కూర్చో."

దమయంతి తల దించుకుంది. అమ్మ పేరెత్తలేదు, చూశావా.

అప్పుడు తవిటమ్మ లేచింది.

"మర్చిపోలేదమ్మా అది. నేనే పారబోసినాను."

ముందుకెళ్ళి, దాచుకున్న కొంగు అందరి ముందూ తీసి, పళ్ళెంలో పిండింది. బల్బు ఎర్రగా వెలిగింది.

"పొడి ఉప్పులో రేణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని కదలవండీ," అంది దమయంతి. "నీళ్ళలో చేతులొదిలి నడుస్తాయి. అవి నడిస్తేనే కరెంటు నడుస్తుంది. నిప్పుమీద కరిగించినా నడుస్తాయి గానీ, అంత మంటకి మా పొయ్యి చాలదు."

అందరూ చప్పట్లు కొట్టారు. తవిటమ్మ మాత్రం తలెత్తలేదు.

దారిలో కూతురంది: "పారబోసే ముందు నన్నడగొచ్చు కదమ్మా."

తల్లి కొంగింకా తడిగానే ఉంది. దమయంతి దాని చివర పట్టుకుని, ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఉప్పు పోయె నీటికి,
కథ పోయె కంచికి,
నువ్వూ నేనూ ఇంటికి.